రత్నకంబళములు: పారసీకమునుండి ఏలూరు వఱకు

పెండ్లిపందిరిలోఁ బెద్దలను గూర్చుండఁబెట్టుటకును, పేరంటమునకు వచ్చిన ముత్తైదువలకు మర్యాద చేయుటకును, పాటకచ్చేరికి వేదిక నలంకరించుటకును మనము తివాచీ పఱచుచుందుము. పఱచునపుడు రంగులు చూతుము, పువ్వులు చూతుము, ఎక్కడనైన మాసినదేమో యని చూతుము. పని ముగియఁగానే చుట్టి యటకపైఁ బెట్టుదుము. దానిని త్రిప్పి వెనుకవైపు చూచువారు మనలో మిక్కిలి యరుదు. కాని తివాచీయొక్క గుణదోషములన్నియు నావెనుకవైపుననే యున్నవి. ముడి యెంత దట్టముగా వేసిరో, పడుగు మంచినూలో కాదో, పువ్వు అంచును ఎంత శ్రద్ధతోఁ దీర్చిరో, నేసినవారు ఎక్కడఁ దొందరపడిరో, అంతయు నచ్చటఁ దెలియును. ఎదుటివైపు చూచువారి కొఱకు. వెనుకవైపు నేసినవారి మనస్సాక్షి.

పారసీకపుఁ దివాచీలకు లోకమున నింత పేరెట్లు వచ్చెనో, ఆ విద్య మన తెలుఁగుదేశమున కెట్లు చేరెనో, ఇచ్చట దానికి వచ్చిన కీర్తి యేల తగ్గెనో, మా సోదరీమణులకు మనవి చేయఁదలఁచితిమి. ఇది దూరదేశపు వింతకథ యని తలఁపవలదు. గృహమునకు వస్తువులు కొనుచేయి మనది. ఆ చేయి దేనిని మెచ్చునో, దేనిని త్రోసివేయునో, దానినిబట్టియే యొక విద్య బ్రదుకుటయు నశించుటయుఁ గలుగుచున్నది.

పేర్లు, భేదములు

రంగురంగుల యున్నితో నేసిన పఱపును మన పూర్వులు రత్నకంబళ మనిరి. జనసామాన్యము తివాచీ యనును. ఉర్దూ మాటాడువారు గలీచా యనియు, కాలీ ననియు నందురు. జంపఖానా లేక శత్రంజీ యనునది వేఱు. జంపఖానాను నూలుతోఁ జదునుగా నేయుదురు. దానికి రెండువైపులు నించుమించుగా నొక్కరీతినే యుండును. తివాచీకి మీఁద నూఁగు ఉండును. ఆ నూఁగులోని ప్రతి కుచ్చును ఒకరి వ్రేళ్లు వేసిన యొక ముడి.

ఉన్నినేఁత మన పల్లెలకుఁ గ్రొత్త కాదు. తెలంగాణమునందు గొఱ్ఱెలు కాచు కురుమలు నల్లయున్నితో గొంగళ్లు నేయుట యెన్నో తరములనుండి యున్నది. ఆ గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, పొలమున పఱపు. అది యక్కఱకు నేసినది. రత్నకంబళమో, అక్కఱతోపాటు అందమునుగూడఁ గోరి నేసినది. ఈ రెండవ విద్యయందుఁ బారసీకులు లోకమునకు గురువులైరి.

ముడి వేయు విధము

తివాచీమగ్గము మన చీరమగ్గమువలెఁ బరుండి యుండదు. తఱచుగా గోడవలె నిలువుగా నుండును. మీఁద నొక దూలము, క్రింద నొక దూలము. రెంటి నడుమ పడుగుపోఁగులు వీణతంత్రులవలె బిగింపఁబడును. నేయువారు దాని యెదుట బల్లమీఁదఁ గూర్చుందురు. రెండు పడుగుపోఁగులను బట్టి, రంగుదారపుముక్కను వానికిఁ జుట్టి ముడివేసి, కత్తితోఁ గోయుదురు. మరల ప్రక్కనున్న రెండు పోఁగులు, మరల ముడి, మరల కోఁత. ఒక వరుస ముగిసిన పిదప పేకదారమును అడ్డముగాఁ బోనిచ్చి, పంజా యను దువ్వెనవంటి పనిముట్టుతో గట్టిగాఁ గొట్టుదురు. ఇట్లు వరుసమీఁద వరుస పేర్చుకొనుచుఁ బోవఁగాఁ బోవఁగా తోఁట మొలచినట్లు పువ్వులు పైకి వచ్చును. కట్టకడపట నూఁగును సమముగాఁ గత్తిరించి, కడిగి, యెండఁబెట్టుదురు.

ముడిలో రెండు రీతులు ముఖ్యము. తురుష్కపు ముడిలో దారము రెండు పోఁగులను సమముగాఁ జుట్టుకొనును. పారసీకపు ముడిలో నొక పోఁగును జుట్టి, రెండవదాని వెనుకనుండి పోవును. సన్నని వంపులు, తీఁగెల మెలికలు తీర్చుటకు ఈ రెండవది యనుకూలము. దీనికి సెన్నాముడి యని పేరు. సెన్నా యనునది పారసీకమునందలి యొక పట్టణము. వింత యేమనఁగా, ఆ పట్టణపు నేఁతవారు వేయునది తురుష్కపు ముడియే!

ఒక లెక్క చెప్పెదము. చేయి తిరిగిన నేఁతకత్తె దినమున కెనిమిదివేల ముళ్లు వేయుననుకొందము. ఆఱడుగుల పొడవును నాలుగడుగుల వెడల్పును గల చిన్న తివాచీ యిరువదినాలుగు చదరపుటడుగులు. అడుగునకుఁ బండ్రెండువేల చొప్పున ముళ్లున్నచో మొత్తము 2,88,000. అనఁగా ముప్పదియాఱు దినముల పని. అదియే యడుగునకు నలువదితొమ్మిదివేల ముళ్లుండెనేని నూటనలువది దినములు మించును. రెండు తివాచీలును దూరమునుండి యొకే కొలత, యొకే రంగు. వెల విన్నవెంటనే ‘అబ్బో’ యనుటకుముందు ఈ లెక్క నొకసారి మనసునఁ దలఁచుకొనుట న్యాయము.

పారసీకపుఁ గీర్తి

తివాచీనేఁత యెంత ప్రాచీనమో చెప్పుటకు సైబీరియాలోని మంచు సాక్ష్యమిచ్చినది. 1949లో రుదెంకో యను రష్యా శాస్త్రజ్ఞుఁడు ఆల్టాయి పర్వతములలోఁ బజిరిక్ యనుచోట నొక ప్రాచీనపు సమాధిని త్రవ్వించెను. దొంగలు పూర్వమే దానిని దోఁచిరి. వారు చేసిన కంతగుండ నీరు చొచ్చి గడ్డకట్టెను. ఆ మంచుగడ్డలో నించుమించుగా రెండువేల నాలుగువందల యేండ్లనాఁటి తివాచీ చెడక నిలిచియుండెను. ఇంచుమించుగా ఆఱడుగుల చదరము. అంచులలో గుఱ్ఱపురౌతులు, మేయుచున్న దుప్పులు. దానిని నేసినవారు పారసీకులేనా కాదా యని పండితులు నేఁటికిని వాదించుచున్నారు. అప్పటికే యీ విద్య పండియుండెననుట మాత్రము నిర్వివాదము. ఆ తివాచీ యిప్పుడు సెంటుపీటర్సుబర్గులోని హెర్మిటేజి ప్రదర్శనశాలయందున్నది.

క్రీ. శ. 637లో నరబ్బులు టెసిఫాను నగరమును గెలిచినపుడు అచ్చటి రాజభవనమునందు వసంతోద్యానమును జూపు నొక మహాస్తరణము వారికి దొరకెనని చరిత్రకారులు వ్రాసిరి. పట్టు, బంగారు, రత్నములతోఁ జేసిన కాలువలు, చెట్లు, పువ్వులు. శీతకాలమున రాజు వసంతమునందుఁ గూర్చున్నట్లుండెనఁట. గెలిచినవారు దానిని ముక్కలుగాఁ గోసి పంచుకొనిరి. రత్నములున్న తివాచీ రత్నముల కొఱకే నశించెను!

పారసీకపుఁ దివాచీకి నిజమైన స్వర్ణయుగము పదునాఱవ శతాబ్దమున సఫవీ వంశీయులు రాజ్యమునకు వచ్చిన పిదప. షా తహ్మాస్పు, అనంతరము షా అబ్బాసు కార్ఖానాలు పెట్టించి చిత్రకారులచేత నమూనాలు గీయించిరి. అప్పటినుండి పల్లెటియింటి పనియైన నేఁత రాజాస్థానపు కళ యయ్యెను. ఆ కాలపు తివాచీలలో మిక్కిలి ప్రఖ్యాతమైనది అర్దబిల్ తివాచీ. నడుమ పసుపువన్నె పతకము, దానిచుట్టును నీలపునేలమీఁద నల్లుకొన్న తీఁగెలు, రెండుకొనల వ్రేలాడు దీపములు. పొడవు ముప్పదినాలుగడుగులకు మించును. చదరపుటంగుళమునకు 340 ముళ్లు. మొత్తము రెండుకోట్ల యఱువదిలక్షలని లెక్క. ఒకచివర మక్సూదు కాషానీ యను పేరును, హిజ్రీ 946 అను సంవత్సరమును నేయఁబడియున్నవి. అది మన లెక్కకు క్రీ. శ. 1539–40.

ఈ తివాచీ లండను చేరినపుడు, కళాకోవిదుఁడైన విలియం మారిస్ పరీక్షించి కొనఁదగునని చెప్పఁగా 1893లో అచ్చటి ప్రదర్శనశాలవారు రెండువేల పౌనులకుఁ గొనిరి. నేఁడది విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నది. రంగులు వెలియకుండుటకై దీపములను గంటకు రెండుసారులు, కొద్దినిమిషములు మాత్రమే వెలిఁగింతురు. దీనికి జోడు మఱియొకటి యుండెను. ఒకదాని చిరుగులను బూడ్చుటకు రెండవదాని యంచులను గోసి వాడిరి. అంచులు పోయిన యా రెండవది యమెరికాలో లాసేంజలీసున నున్నది. అక్క చీర నిలుపుటకుఁ జెల్లెలి చీర చింపినట్లయ్యెను.

పారసీకపుఁ గీర్తి యెంతదూరము ప్రాఁకెనో చూడుఁడు. 1601లోఁ బోలండురాజు మూఁడవ సిగిస్మండు తివాచీలు కొని తెచ్చుటకై యొక యార్మీనియా వర్తకుని కాషాను పట్టణమునకుఁ బంపెను. పట్టుతోను, వెండిబంగారు జరీతోను నేసిన యట్టి తివాచీలు 1878లోఁ బారిసు ప్రదర్శనమునందుఁ బెట్టఁబడఁగా, చూచినవారు అవి పోలండులోనే నేయఁబడినవని భ్రమపడి వానికిఁ బోలండు తివాచీ లని పేరు పెట్టిరి. పొరపాటు తెలిసిన తరువాతఁ గూడ నా పేరు పోలేదు.

గోలకొండ ద్వారమున

హైదరాబాదునకుఁ బడమటనున్న జన్వాడ, మొయినాబాదు, చేవెళ్ల మొదలగు గ్రామములవారికి గోలకొండకోట దూరము కాదు. ఆ కోటకుఁ బారసీకముకూడ నొకనాఁడు దూరము కాకుండెను. 1518 మొదలు 1687 వఱకు నేలిన కుతుబుషాహీ వంశమునకు మూలపురుషుఁడైన సుల్తాన్ కులీ పారసీకమునందలి హమదానునుండి వచ్చినవాఁడు. ఆ హమదాను ప్రాంతము తివాచీలకుఁ బేరెన్నికగన్నది. 1591లో హైదరాబాదు నగరము కట్టఁబడునపుడు పేష్వాయై యుండిన మీర్ మోమిన్ అస్త్రాబాదు వాఁడు. తరువాతికాలమున గోలకొండ రాజ్యమున చక్రము త్రిప్పిన మీర్ జుమ్లా ఇస్ఫహాను దగ్గఱి అర్దిస్తానువాఁడు. కొలువులో భాష పారసీకము. మచిలీబందరు రేవునుండి పారసీకపు రేవులకు నోడలు నడచెడివి. అద్దకపుబట్టలు మననుండి యటు పోయెను. కలంకారీ యను పేరే పారసీకపుమాట. ఇటువంటి రాకపోకల నడుమఁ దివాచీవిద్య మన దేశమున నాటుకొనుట యాశ్చర్యము కాదు.

ఉత్తరదేశమున నక్బరు చక్రవర్తి ఆగ్రా, ఫతేపురము, లాహోరు నగరములలోఁ గార్ఖానాలు పెట్టించె నని అబుల్‌ఫజలు వ్రాసెను. దక్షిణమున నీ విద్యకు ముఖ్యస్థానములు ఓరుగల్లును, ఏలూరును. మహమ్మదీయ ప్రభువుల కాలమునఁ బారసీకులు కొందఱు వచ్చి ఏలూరున స్థిరపడిరని పరంపరగాఁ జెప్పుదురు. ఔరంగజేబు దక్షిణ దండయాత్రలనాఁడు సైన్యమువెంట వచ్చిన పనివాండ్రు ఓరుగల్లున నిలిచిపోయిరని మఱియొక వాడుక.

దక్కనుతివాచీల కీర్తికి జపానుదేశమునఁ గన్నులఁ గాన్పించు నిదర్శనమున్నది. క్యోటో నగరమున వేసవిలో జరుగు గియోన్ యుత్సవమునందు మన రథములవంటి బండ్లను వీథులలో నూరేగింతురు. వాని ప్రక్కలకు వ్రేలాడఁదీయు పాఁత తివాచీలలోఁ గొన్ని దక్కను దేశపువని పండితులు గుర్తించిరి. డచ్చి వర్తకుల యోడలమీఁద నవి జపాను చేరెను. మనవారు నేసినవానిని మనము పోఁగొట్టుకొంటిమి; ఎఱుఁగని దేశమువారు దేవుని యుత్సవమునకై కొన్నివందల యేండ్లు కాపాడిరి.

మన దేశమున వేరూనిన విద్య మన పేర్లనే పెట్టుకొనెను. ఏలూరు, ఓరుగల్లు తివాచీనమూనాలలో రామచంద్రఖానీ, గోపాలరావుఖానీ, హాషింఖానీ యనునవి కలవు. నేయించుకొన్న పోషకుల పేర్లే నమూనాలకు వచ్చినవని చెప్పుదురు. రామచంద్రుని పేరునకుఁ బారసీకపుఁ బ్రత్యయము! ఎవరి మతము వారిదిగా, ఎవరి యాచారము వారిదిగా నుండి, ముడిదగ్గఱ మాత్రము ఇరువురును గలిసిన సంగతిని ఈ యొక్కమాట చెప్పుచున్నది.

పేరు తగ్గిన విధము

1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనమున ఓరుగల్లు తివాచీలు పెట్టఁబడెను. చూచినవారు మిక్కిలి మెచ్చిరి. సర్ జార్జి బర్డ్‌వుడ్ 1880లోఁ బ్రకటించిన హిందూదేశపుఁ బారిశ్రామిక కళల గ్రంథమునందు వాని సన్నపనిని కొనియాడుచు, చదరపుటడుగునకుఁ బండ్రెండువేల ముళ్లని చెప్పఁబడినది. అందులోనే మచిలీబందరు తివాచీలనుగుఱించిన విచారకరమైన వృత్తాంతమున్నది. దానిని మన సోదరీమణులు శ్రద్ధగా వినవలెను.

మచిలీబందరు తివాచీలు ఒకప్పుడు దేశములోనెల్ల మేలైనవానిలోఁ జేరినవి. సీమవర్తకులు వానిని మెచ్చి విస్తారముగాఁ గొననారంభించిరి. కొన్నాళ్లకు తక్కువవెలకుఁ గావలెననిరి. వెల తగ్గుటకై తామే చౌకసరకు నేఁతవారి కిచ్చిరి; పడుగునకు సీమపురి వచ్చెను. పిమ్మట శీఘ్రముగాఁ గావలెననిరి. పూర్వము ప్రతి పువ్వుచుట్టును, దాని రంగునకుఁ దగిన వేఱొక రంగుతో సన్నని గీఁత తీర్చెడివారు. ఆ గీఁతవలననే పువ్వు నేలనుండి విడివడి కనులకు హాయిగా నుండెడిది. గీఁత తీర్చుటకుఁ బ్రొద్దు పట్టును గనుక దానిని మానిపించిరి. గీఁత పోఁగానే రంగులు ఒకదానిమీఁద నొకటి పడినట్లయ్యెను. నమూనాలు మోటువాఱెను. చివర కావర్తకులే ‘ఈ తివాచీలు పూర్వమువలె లేవు’ అని మొగము త్రిప్పుకొనిరి!

తప్పెవరిది? నేఁతవాఁడు తన చేతులతోనే తన పేరును జెఱచుకొనెను, నిజమే. కాని యాఁకలిగొన్నవానికి ‘సగము వెలకు నేయుము, లేనిచో నింకొకనియొద్దఁ గొందుము’ అని చెప్పినవాఁడు తప్పించుకొనఁజాలఁడు. దానికిఁదోడు దేశమునందలి చెఱసాలలలో ఖైదీలచేతఁ దివాచీలు నేయించి యమ్మించు నాచారము బలిసెను. కూలి లేని చేతులతో, కూలి తినవలసిన చేతులు పోటీ పడఁగలవా? ఈ పద్ధతినిగూడ బర్డ్‌వుడ్ తీవ్రముగా ఖండించెను.

రంగులవలనఁ గలిగిన చేటు మఱియొకటి. పూర్వము మంజిష్ఠనుండి యెఱుపు, నీలిచెట్టునుండి నీలము, దానిమ్మతొక్కనుండి పసుపు తీసెడివారు. మన తీరమున చిరివేరు ఎఱుపునకుఁ బేరుపొందినది. 1856లోఁ బెర్కిన్ అను నాంగ్లేయ యువకుఁడు తారునుండి యూదారంగు తీయఁగా, కొద్దికాలమునకే కార్ఖానారంగులు తూర్పుదేశములకుఁ బ్రవహించెను. మొదటివి చూడ మెఱపు. ఎండ తగిలిన వెలవెల. నీరు తగిలిన నొకటి యింకొకదానికిఁ బ్రాఁకెను. పారసీకప్రభుత్వము వానిని నిషేధించుటకుఁగూడఁ బ్రయత్నించెను. న్యాయముగాఁ జెప్పవలె ననినచో, తరువాతఁ గనిపెట్టఁబడిన రంగులలో నిలుకడగలవియుఁ గలవు. చెఱుపు రసాయనమునందు లేదు. నిలువదని తెలిసియు వాడుటయందున్నది.

నేఁడు ఓరుగల్లు పేరు ముఖ్యముగా జంపఖానాలవలన నిలిచియున్నది. ఓరుగల్లు జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించెను. అనఁగా నాపేరుతో మఱియొకచోటి సరకును అమ్ముట కిఁక వీలులేదు. ఏలూరిలోఁ దంగెళ్లమూడి తివాచీనేఁతకుఁ బ్రసిద్ధి కెక్కినది. కాని నేయువారు నానాఁటికిఁ దగ్గుచున్నారు. మగ్గమునెదుట నెలలకొలఁది వంగి కూర్చుండి సంపాదించుదాని కంటె వేఱుపనిలో నెక్కువ దొరకుచుండఁగా, తండ్రి తన కొడుకునకు నేర్పుమని యెట్లు చెప్పఁగలము? పారసీకపు నేఁతవారికిని కష్టకాలమే. 2010లో నొకసారి, మరల 2018లో నొకసారి అమెరికా వారి తివాచీల దిగుమతిని నిషేధించినది. రాజులు, మంత్రులు తగవులాడుకొనిన దాని దెబ్బ మగ్గమునెదుటఁ గూర్చున్న స్త్రీమీఁదఁ బడినది.

తల్లి చేతినుండి కూఁతురి చేతికి

మేము స్త్రీ యనుట మాటవరుసకుఁ గాదు. 2010లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ఫార్సు, కాషాను ప్రాంతముల తివాచీవిద్యను మానవజాతియొక్క వారసత్వముగాఁ బ్రకటించినది. కాషానులో నించుమించుగా ముగ్గురిలో నొకరు తివాచీపనిలో నున్నారనియు, వారిలో మూఁడింట రెండువంతులకు మించి స్త్రీలే యనియు నా సందర్భమునఁ దెలుపఁబడినది. అమ్మయు నమ్మమ్మయు మగ్గముకడఁ గూర్చుండి పిల్లకు నేర్పుదురు. ఫార్సునందలి సంచారజాతుల స్త్రీలు కాగితముమీఁది నమూనా లేకయే, మనము ముగ్గు వేసినట్లు, మనసులో నున్నదానిని నేసికొనుచుఁ బోవుదురు. పురుషులు గొఱ్ఱెల యున్ని కత్తిరింతురు, స్త్రీలు నేయుదురు. అందువలన నొకదానివలె నింకొకటి యుండదు. పేరు వ్రాసికొనిన మక్సూదు నొక్కని లోక మెఱుఁగును; పేరు వ్రాసికొనని లక్షలమంది స్త్రీలను ముడులు మాత్రమే యెఱుఁగును.

ఇచ్చట నొక యప్రియమైన మాటయుఁ జెప్పక తప్పదు. తివాచీముడికిఁ జిన్నపిల్లల వ్రేళ్లే తగునని యొక యపోహ వ్యాపించియున్నది. అది యసత్యము. మిక్కిలి సన్నని పని చేయుటకుఁ బెద్దవారి యనుభవమే కావలెను. పిల్లలను గూర్చుండఁబెట్టినది వ్రేళ్ల సన్నదనమునకుఁ గాదు, కూలి తక్కువ యనియే. ఉత్తరదేశపు మగ్గములయొద్ద నట్టి పిల్లలను విడిపించుటకై శ్రమించిన కైలాసు సత్యార్థిగారు 1994లో రగ్‌మార్కు అను ముద్రను నెలకొల్పుటకు ముఖ్యకారకులైరి. బాలశ్రమ లేకుండ నేయఁబడినదను గుర్తు అది. ఇప్పుడు గుడ్‌వీవ్ అను పేరుతో నున్నది. మన పిల్లలు ఆడుకొను తివాచీని మఱియొక తల్లి బిడ్డ బడి మాని నేసియుండరాదు గదా!

కొనునపుడు చూడవలసినవి

మా సోదరీమణులు తివాచీ కొనఁబోవునపుడు క్రింది విషయములను గమనింతురు గాక.

మొట్టమొదట త్రిప్పి చూడవలెను. చేతిముడి తివాచీకి వెనుకవైపునఁగూడ నదే పువ్వు స్పష్టముగాఁ గనఁబడును; ముడులు కొంచెము హెచ్చుతగ్గులుగా నుండును. వెనుక గుడ్డ అంటించి కుట్టియుండినచో సందేహింపవలెను. యంత్రపుతుపాకితో నూఁగును గ్రుచ్చి, జిగురుతో నిలిపి, ఆ జిగురు కనఁబడకుండ గుడ్డ కప్పి, చేతిపని యని యమ్మునవి యిప్పు డంగళ్లలో విస్తారముగా నున్నవి. చౌకగా దొరకునపుడు చౌకసరకని యెఱిఁగి కొనుట తప్పు కాదు. ముడితివాచీ వెల యిచ్చి జిగురుతివాచీ తెచ్చుకొనుట నష్టము.

పిమ్మట కుచ్చులు చూడవలెను. నిజమైన తివాచీ కుచ్చులు పడుగుపోఁగుల కొనలే. తరువాతఁ దెచ్చి కుట్టినవి కావు. తివాచీని కొంచెము మడిచి నూఁగు మొదలు చూచినచో ముడి కనఁబడును. తెల్లనిగుడ్డను తడిపి రంగుమీఁద రుద్దినచో గుడ్డకు రంగు అంటరాదు. ఒకే రంగు కొన్నిచోట్ల నించుక ముదురుగాను, కొన్నిచోట్ల లేఁతగాను చారలుగా నుండినచో దానిని దోషమని తలఁపవలదు. కొద్దికొద్దిగా అద్దిన దారముతో నేసినపుడు అట్లగుట సహజము. ముడులెన్నో యెంచుటకు వెనుకవైపున నొక యంగుళమును గొలిచి, నిలువు ముడులను, అడ్డపు ముడులను లెక్కించి హెచ్చించిన సరిపోవును. లెక్క యొక్కటియే గుణమునకుఁ బ్రమాణము కాదు. ముడులు తక్కువయైనను, మంచి యున్నితో, నిలుకడయైన రంగులతో నేసిన పల్లెటి తివాచీ తరతరములు మన్నును.

ఇంట నున్నదానిని గాపాడుకొనుటయు నొక విద్యయే. నూఁగు వాలినవైపునకే యూడ్వవలెను. ఆఱుమాసముల కొకసారి తలక్రిందుగాఁ ద్రిప్పి పఱచినచో నడక యొక్కచోటనే పడక యంతటను సమముగా నఱుగును. తీవ్రమైన యెండలో నెక్కువసేపు వేయరాదు. ఏదైన నొలికినచో రుద్దక, వెంటనే పొడిగుడ్డతో నద్ది తీయవలెను. చాకలిసోడా యున్నికిఁ బనికిరాదు. అటకపైఁ బెట్టునపుడు మడవక చుట్టి, వేపాకు వేసి, మూఁడునాలుగు మాసముల కొకసారి విప్పి గాలికి వేయవలెను. చీఁకటియు, నిశ్చలతయు నుండుచోటనే పురుగు చేరును.

మనము చేయఁదగినది

ప్రతి యింటను పెద్దతివాచీ యుండవలె నని మా యభిప్రాయము కాదు. అందఱికి నంత శక్తియు నుండదు. మన యింటికిఁ గావలసినది జంపఖానాయైనచో ఓరుగల్లుది కొనవచ్చును. గొంగడియైనచో మన పల్లె కురుమలయొద్దఁ గొనవచ్చును. ఏది కొన్నను నేసినవానిని దలఁచి బేరమాడుట మన చేతిలో నున్నది. అంగడిలోఁ జెప్పిన వెలలో సగమునకు దిగుట మనకు నేర్పుగాఁ దోఁచును. మచిలీబందరు తివాచీని చెఱచినదియు నట్టి నేర్పే. సీమవర్తకులు తగ్గించిన ప్రతి రూపాయికిని మగ్గముకడ నొక గీఁత చెఱిఁగినది, ఒక ముడి తగ్గినది.

కీర్తి యనునది ప్రకటనలతో వచ్చునది కాదని పారసీకపు నేఁతకత్తెలు మనకుఁ జూపిరి. ఎవ్వరును జూడని వెనుకవైపున వేసిన ముడులు నాలుగువందల యేండ్లకుఁ బిమ్మటఁగూడ వారిపక్షమున మాటాడుచున్నవి. మన యేలూరు, ఓరుగల్లు నేఁతవారి ముడులును నట్లే మాటాడఁగలవు. వినువారు మాత్రము కావలెను. పండుగకుఁ దివాచీ పఱచునపుడు మన యాఁడుపిల్లలను బిలిచి, ఒకకొన యెత్తి, ఆ వెనుకవైపును జూపి, ఇది యెవరో యొకతె వ్రేళ్లతో వేసినదని చెప్పుదుము గాక. ఆ పిల్లలు పెద్దవారై గృహిణులైనపుడు, ఏ వస్తువునైన వెల యడుగుటకుముందు త్రిప్పి చూచెదరు.